పాలపిట్టలో రెండో సీటు: ఒక కల్పిత స్టార్‌ఫైటర్‌ను మొదటి గీత నుంచి డిజైన్ చేసే పద్ధతి

మీ కథకో, కామిక్‌కో, గేమ్‌కో ఇద్దరు కూర్చునే అంతరిక్ష యుద్ధ ఓడ, అంటే స్టార్‌ఫైటర్ కావాలనుకుందాం. పెన్సిల్ పట్టుకునే ముందు ఒక ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసుకోండి. రెండో మనిషిని దింపేస్తే ఈ ఫైటర్‌కు ఏ పని చేతకాకుండా పోతుంది? రెండు వాక్యాల్లో జవాబు రాకపోతే ఆ సీటు ఇంకా పుట్టలేదన్నమాట.

నేను ఒకప్పుడు ముందు ముక్కు గీసేవాణ్ని. తర్వాత తుపాకులు, ఇంజిన్లు. మిగిలిన చోట రెండో సీటు. బొమ్మ బాగానే వచ్చేది. కథ రాయడం మొదలుపెట్టాక మాత్రం ఆ సీట్లోని మనిషికి "జాగ్రత్త!" అని అరవడం తప్ప పనేమీ దొరికేది కాదు. అందుకే వరస మార్చుకున్నాను. ముందు ఇద్దరి మధ్య నడిచే మాట, తర్వాత వాళ్ల కుర్చీలు, ఆ కుర్చీల చుట్టూ ఓడ. ఈ మార్గదర్శి కూడా ఆ వరసలోనే సాగుతుంది. ఉదాహరణకు ఒక ఫైటర్‌ను మొదటి నుంచి కట్టుకుంటూ వెళ్దాం. దాని పేరు పాలపిట్ట. ఆ పేరెందుకో వేడి సంగతి దగ్గర తెలుస్తుంది.

మొదటి మెట్టు: రెండో మనిషి పని రాయండి

నిజమైన యుద్ధవిమానాల్లో రెండో సీటు ఊరికే రాలేదు. అమెరికా నౌకాదళపు ఎఫ్-14 టామ్‌క్యాట్‌లో వెనక కూర్చునే అధికారి దగ్గర విమానం నడిపే స్టిక్కే ఉండేది కాదు. ఆయన పని రాడార్. అది ఒకేసారి 24 లక్ష్యాలను గమనిస్తూ, వాటిలో 6 లక్ష్యాల మీదికి క్షిపణులను పంపగలిగేది. ఆనాటి కంప్యూటర్లతో ఆ పనీ, విమానం నడిపే పనీ ఒక్క బుర్రకు మోయలేని బరువు. మన వాయుసేన సుఖోయ్-30ఎంకేఐలోనూ ఇద్దరే. వెనక సీటు ఆయుధ వ్యవస్థలు చూసుకునేవారిది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం యుద్ధవిమానం కాదు, 1969 జూలై 20న చంద్రుడి మీద దిగిన ఈగిల్. ఆర్మ్‌స్ట్రాంగ్ కిటికీలోంచి నేలను చూస్తున్నాడు. పక్కనున్న ఆల్డ్రిన్ కళ్లు అంకెల మీద ఉన్నాయి. ఎత్తు ఎంత, ఎంత వేగంగా దిగుతున్నాం అన్నది చదివి వినిపిస్తున్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ముందున్న కిటికీ అద్దం మీద కోణాల గీతలు ఉండేవి. కంప్యూటర్ ఒక కోణం చూపిస్తుంది, ఆల్డ్రిన్ ఆ అంకె చదువుతాడు, ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ గీత వెంట చూస్తే కంప్యూటర్ తమను ఎక్కడ దించబోతోందో కనిపిస్తుంది. అక్కడ బండరాళ్లున్నాయి. వెంటనే నియంత్రణ తన చేతుల్లోకి తీసుకుని ఓడను ఇంకా ముందుకు పోనిచ్చాడు. కంప్యూటర్‌కు తెలిసిన సంగతి కిటికీ దాకా చేరింది ఒక మనిషి గొంతు ద్వారా. మంచి రెండు సీట్ల డిజైన్ అంటే నాకు అదే గుర్తొస్తుంది.

ఇప్పుడు మీ ఇద్దరి మధ్య దేన్ని పంచుతారో తేల్చుకోండి. చూపును పంచవచ్చు, ఒకరు బయటికి, ఒకరు తెర మీదికి. అధికారాన్ని పంచవచ్చు, ఇద్దరూ ఒప్పుకుంటేనే తుపాకీ పేలుతుంది. నేను పాలపిట్టలో కాలాన్ని పంచాను. పైలట్ ఈ క్షణంలో ఉంటాడు. రెండో మనిషి పది నిమిషాల తర్వాతి సంగతి చూస్తుంది. అప్పటికి ఇంజిన్‌కు పోసే నీళ్లు ఎంత మిగులుతాయి, వేడి ఎంత పెరుగుతుంది, ఇంటికి దారి ఎటు. ఆ మనిషిని "తోడు" అంటాను. కో-పైలట్ అంటే పైలట్‌కు బదులు అనిపిస్తుంది. తోడు బదులు మనిషి కాదు, ఆమె పని వేరే.

"ఇదంతా కంప్యూటర్ చేయదా?" అని పాఠకులు తప్పకుండా అడుగుతారు. జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. నా జవాబు ఇది: లెక్కలన్నీ కంప్యూటరే చేస్తుంది. ఏ లెక్కను నమ్మాలి, ఏ ప్రమాదానికి ఒప్పుకోవాలి అన్నది తోడు తేలుస్తుంది. ఈగిల్ కంప్యూటర్ కూడా తన లెక్క తాను సరిగ్గానే చేసింది. ఆ చోటు దిగడానికి పనికిరాదని చెప్పింది మనిషి.

రెండో మెట్టు: చోటు ఎంచుకోండి

"అంతరిక్షంలో" అని వదిలేయకండి. చోటు మారితే ఓడే మారిపోతుంది. నేను శని వలయాలను ఎంచుకున్నాను. ఆ వలయాల్లో ఎంకే అనే ఖాళీ ఉంది. వెడల్పు సుమారు 325 కిలోమీటర్లు. అందులో పాన్ అనే చిన్న ఉపగ్రహం తిరుగుతుంది, అడ్డంగా సుమారు 28 కిలోమీటర్లు. 2017 మార్చిలో కాసిని నౌక దగ్గరి నుంచి తీసిన ఫొటోల్లో అది బూరెకు నడుం చుట్టూ అంచు కట్టినట్టు కనిపించింది. నా కథలో స్థావరం దాని మీదే. చుట్టూ వలయాల మంచు ఉంది. ఇసుక రేణువంత ముక్కల నుంచి ఇల్లంత గడ్డల దాకా ఉంటాయి. దాక్కోవడానికి అదే, తాగడానికి అదే, ఇంజిన్‌లో పోసుకోవడానికీ అదే. శని నుంచి భూమికి రేడియో మాట చేరడానికే గంటకు పైగా పడుతుంది కాబట్టి ఇంటి నుంచి రిమోట్‌తో నడిపే మాటే లేదు. మనుషులు అక్కడ ఎందుకున్నారో చోటే చెప్పేసింది.

కక్ష్యలో తరుముకోవడం రోడ్డు మీద తరుముకోవడంలా ఉండదని కూడా ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి. 1965 జూన్‌లో అమెరికా జెమిని-4 నౌకలో వ్యోమగామి మెక్‌డివిట్ తమను మోసుకొచ్చిన రాకెట్ ఖాళీ భాగానికి దగ్గరగా వెళ్లాలని దానివైపు తిరిగి ఇంజిన్ వేశాడు. దూరం తగ్గకపోగా పెరిగింది. ముందుకు తోస్తే కక్ష్య ఎత్తవుతుంది, ఎత్తయిన కక్ష్యలో చుట్టు పెద్దదవుతుంది, దాంతో వెనకబడిపోతాం. ఎంకే ఖాళీలో కక్ష్య వేగం సెకనుకు దాదాపు 17 కిలోమీటర్లు, ఒక ప్రదక్షిణకు దాదాపు 14 గంటలు. కొన్ని కిలోమీటర్ల దగ్గరి పోరులో కాసేపు సూటిగా పోయినా నడుస్తుంది. దూరం పెరిగిందంటే ముందున్నవాణ్ని అందుకోవడానికి బ్రేక్ వేయాల్సి వస్తుంది. ఒంట్లోని అలవాటు ఒకటి చెబుతుంది, దారి ఇంకోటి అడుగుతుంది. ఆ దారి గీసి ఇచ్చేది తోడు. చూశారా, చోటు ఎంచుకోగానే రెండో సీటుకు ఇంకో పని దొరికింది.

మూడో మెట్టు: నీళ్ల లెక్క

1903లో త్సియోల్కోవ్‌స్కీ ప్రచురించిన సూత్రం ఒక్కటి వస్తే చాలు. ఓడ నిండు బరువును ఖాళీ బరువుతో భాగించండి. వచ్చిన అంకెకు సహజ లాగరిథమ్ తీసి, ఇంజిన్‌లోంచి వెలువడే వాయువు వేగంతో గుణించండి. ఓడ తన వేగంలో తెచ్చుకోగల మొత్తం మార్పు అదే. వేగం పెంచినా, తగ్గించినా, పక్కకు తిప్పినా ఆ ఖాతాలోంచే ఖర్చు.

1960లలో నెవాడా ఎడారిలో పరీక్షించిన అణు రాకెట్ ఇంజిన్లు హైడ్రోజన్‌ను వేడిచేసి సెకనుకు 8 కిలోమీటర్లకు పైగా వేగంతో వదిలేవి. పాలపిట్ట హైడ్రోజన్‌కు బదులు నీటి ఆవిరి వాడుతుంది. అది బరువైనది కాబట్టి సెకనుకు 4 కిలోమీటర్లు అని పెట్టుకున్నాను. ఖాళీ ఓడ 12 టన్నులు, నీళ్లు 12 టన్నులు. నిష్పత్తి 2. ఫలితం సెకనుకు 2.77 కిలోమీటర్లు. నీళ్లు 24 టన్నులు చేస్తే 4.39 వస్తుంది. 36 టన్నులు చేస్తే 5.55. మొదటి 12 టన్నులు ఇచ్చినదానితో పోలిస్తే మూడో 12 టన్నులు ఇచ్చేది సగం కన్నా తక్కువ. పైగా ఓడ ఏనుగులా తయారవుతుంది. నేను మొదటి 12 టన్నుల దగ్గరే ఆగాను.

ఇప్పుడు తోడు ఖరీదు చూద్దాం. మనిషి, సూట్, కుర్చీ, గాలి, ఆమె ముందుండే ప్యానెల్ అన్నీ కలిపి 400 కిలోలు అనుకోండి. నిష్పత్తి 2 తగ్గకుండా ఉండాలంటే ఇంకో 400 కిలోల నీళ్లు కూడా మోయాలి. మొత్తం 800 కిలోలు. ఒంటరి పైలట్ ఉన్న శత్రువు ఓడ ఆ మేరకు తేలిక. ఆ 800 కిలోల బాకీని తోడు తన పనితో తీర్చాలి. ఈ అంకెను డ్రాయింగ్ మూలన రాసి పెట్టుకోండి, ప్రతి నిర్ణయం దగ్గరా అక్కరకొస్తుంది.

నాలుగో మెట్టు: కుర్చీలు ఎలా వేయాలి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీని మీద పెట్టండి.

విమానాల్లో రెండు పాత పద్ధతులున్నాయి. ఒకరి వెనక ఒకరు కూర్చుంటే విమానం సన్నగా ఉంటుంది, ఇద్దరికీ రెండు వైపులా చూపు ఆనుతుంది. అపాచీ హెలికాప్టర్‌లో గన్నర్ ముందు, పైలట్ వెనక ఎత్తులో కూర్చుంటారు. పక్కపక్కన కూర్చుంటే ఒకరి చేతులు ఒకరికి కనిపిస్తాయి, ఒకే తెరను ఇద్దరూ చూడవచ్చు. ఎ-6 ఇంట్రూడర్‌లో కుడివైపు కూర్చునే నావిగేటర్ సీటును కొంచెం కిందికీ వెనక్కీ జరిపారు, పైలట్‌కు ఆ వైపు చూపు అడ్డం పడకుండా. వీపులు ఆనించుకుని కూర్చునే పద్ధతి బొమ్మలో చూడముచ్చటగా ఉంటుంది. మన ఓడకు మాత్రం పనికిరాదు. ఎందుకంటే మనది విమానం కాదు, రాకెట్.

రాకెట్‌లో ఇంజిన్ ఉన్న వైపే నేల. ఇంజిన్ వేయగానే ఒంటి బరువంతా అటే పడుతుంది. మనిషి శరీరం ఛాతీ నుంచి వీపుకు వచ్చే బరువును బాగా తట్టుకుంటుంది, తల నుంచి కాళ్లకు వచ్చేదాన్ని అంతగా తట్టుకోలేదు. రష్యా సోయజ్ నౌకలో కాస్మోనాట్లు వెల్లకిలా, మోకాళ్లు ముడుచుకుని పడుకునేది అందుకే. అంటే మన ఇద్దరి వీపులూ ఇంజిన్ వైపే ఉండాలి. అప్పుడు "ముందు సీటు, వెనక సీటు" అన్నది నిజానికి మేడమీద ఒకరు, కింద ఒకరు అయిపోతుంది.

తర్వాతది తిరగడం. ఓడ తన బరువు కేంద్రం చుట్టూ తిరుగుతుంది. ఆ కేంద్రానికి ఎంత దూరంలో కూర్చుంటే అంత బలంగా విసిరేసినట్టవుతుంది. సెకనుకు ఒక చుట్టు తిరిగితే 1 మీటరు దూరంలో ఉన్నవాడి మీద 4 జీలు (1 జీ అంటే భూమి మీద మన మామూలు బరువు), 3 మీటర్ల దూరంలో ఉన్నవాడి మీద 12 జీలు పడతాయి. అంత వేగంగా ఎవరూ కావాలని తిరగరు. సెకనుకు అర చుట్టు అనుకుంటే 3 మీటర్ల దగ్గర 3 జీలు, 4 మీటర్ల దగ్గర 4 జీలు. మేడ పద్ధతిలో ఇద్దరి మధ్య రెండు మీటర్లు తేడా వస్తే, ఒకే మలుపు ఒకరికి ఊపులా ఉంటే ఇంకొకరికి దెబ్బలా తగులుతుంది. కింద ఉన్నవారు మామూలుగా అంకెలు చదువుతుంటారు, పైన ఉన్నవారికి నోరు కదలదు. పాలపిట్ట బతికేదే ఇద్దరి మాట మీద. అందుకని పక్కపక్క సీట్లే ఖాయం చేశాను. మలుపు ఇద్దరికీ ఒకేలా తగలాలి.

మరి కేంద్రం దగ్గరే కూర్చోబెడితే పోదా? అక్కడ రేడియేషన్ అడ్డొస్తుంది. అణు ఇంజిన్ చుట్టూ అన్ని వైపులా కవచం కడితే ఓడ కదలదు. మనుషులున్న వైపు మాత్రమే ఒక పలక పెడతారు. దాని వెనక గొడుగు నీడలా ఒక నీడ పడుతుంది, మనుషులు ఆ నీడలోనే ఉండాలి. ఇంజిన్‌కు ఎంత దూరంగా ఉంటే అంత మేలు. నీళ్లు రేడియేషన్‌ను బాగా ఆపుతాయి కాబట్టి ట్యాంకును మనుషులకూ ఇంజిన్‌కూ మధ్య పెట్టడం తెలివైన పని. 12 టన్నుల నీళ్లంటే 12 ఘనపు మీటర్లు, అంటే 2 మీటర్ల వ్యాసం, 3.8 మీటర్ల పొడవు ఉన్న సిలిండర్.

తిరగడం దగ్గరికి రమ్మంటుంది, రేడియేషన్ దూరం పొమ్మంటుంది. ఈ పీకులాటను దాచకండి, మంచి డిజైన్ ఇలాంటి చోటే పుడుతుంది. పాలపిట్టలో ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు సీట్లు కేంద్రానికి 3 మీటర్ల ముందుంటాయి. నీళ్లు తగ్గేకొద్దీ కేంద్రం బరువైన ఇంజిన్ వైపు జరుగుతుంది. ట్యాంకు ఖాళీ అయ్యేసరికి దూరం 4 మీటర్లు. ముక్కు వైపు చూస్తూ కూర్చున్నవారిని మలుపు సీట్లోంచి ముందుకు, బెల్టుల మీదికి తోస్తుంది. కళ్లు బయటికి వస్తాయా అనిపించే రకం బరువు అది, 4 జీలు చాలా ఎక్కువ. కాబట్టి నీళ్ల మట్టాన్ని బట్టి తిరిగే వేగానికి ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు తోడు చేతిలో ఉంటుంది. ఓడ తేలికయ్యేకొద్దీ చురుగ్గా మారుతుంది, మనుషులు మాత్రం దాన్ని అంతగా వాడుకోలేరు.

తోడు సీటును ఇంట్రూడర్‌లోలా ఒక జానెడు వెనక్కి జరపండి. పైలట్ చూపుకు అడ్డం ఉండదు, పైలట్ చేతులు ఆమెకు కనిపిస్తాయి.

ఐదో మెట్టు: వేడి

చాలామంది గీసే ఓడల్లో ఇది ఉండనే ఉండదు. అంతరిక్షం చల్లన కదా అనుకుంటారు. చల్లనే, కానీ వేడిని తీసుకుపోవడానికి అక్కడ గాలి లేదు. వేడి వెలుగు రూపంలోనే పోవాలి. కెల్విన్లలో కొలిచిన పలక ఉష్ణోగ్రత రెట్టింపైతే అది వదిలే వేడి 16 రెట్లవుతుంది. గది ఉష్ణోగ్రతకు కాస్త పైన, 300 కెల్విన్ల దగ్గర, ఒక చదరపు మీటరు పలక ఒక ముఖం నుంచి సుమారు 460 వాట్లు వదులుతుంది. 900 కెల్విన్ల దగ్గర దాదాపు 37,000 వాట్లు.

ఇంజిన్ మండుతున్నప్పుడు వేడి ఆవిరితో పాటు బయటికి పోతుంది. ఊరికే ఉన్నప్పుడు కూడా రియాక్టర్ వేడి ఆగదు. పాలపిట్టలో అది 1 మెగావాట్ అనుకున్నాను. దాన్ని 300 కెల్విన్ల పలకలతో వదలాలంటే రెండు ముఖాలూ కలుపుకున్నా వెయ్యి చదరపు మీటర్లు దాటుతుంది. 900 కెల్విన్లతో అయితే 15 చదరపు మీటర్లు చాలు, అంటే ఒక్కోటి 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు ఉన్న రెండు రెక్కలు. ఇవి కూడా రేడియేషన్ నీడలోనే ఉండాలి కాబట్టి ఇంజిన్ వైపు సన్నగా, ముందువైపు వెడల్పుగా గీయండి. క్యాబిన్, ఎలక్ట్రానిక్స్ వేడిని ఈ ఎర్రని పలకలు తీసుకోలేవు. వాటికి విడిగా తెల్లని చల్లని పలకలు కావాలి. 5 కిలోవాట్లకు దాదాపు ఐదున్నర చదరపు మీటర్లు.

900 కెల్విన్లంటే 627 డిగ్రీల సెల్సియస్. ఆ వేడికి లోహం ముదురు ఎరుపుగా మెరుస్తుంది. పాలపిట్టను చూసినవాళ్లకు ఇప్పుడు విషయం తెలిసిపోయి ఉంటుంది. కరెంటు తీగ మీద కూర్చుంటే అది గోధుమరంగు పిట్ట, పెద్దగా కళ్లకు ఆనదు. రెక్క విప్పిందంటే నీలం భగ్గుమంటుంది. గాల్లో పల్టీలు కూడా కొడుతుంది. మన ఓడ పోరులో రెక్కలు ముడుచుకుంటుంది, ఎందుకంటే ఒక్క రవ్వ తగిలినా పలకలోని గొట్టం పగులుతుంది. పోరు అయ్యాక విప్పితే చీకట్లో రెండు ఎర్రని రెక్కలు. దసరా నాడు పాలపిట్ట కనిపిస్తే మంచిదని మన దగ్గర ఊరి బయటికి వెళ్లి మరీ చూస్తారు. పాన్ స్థావరంలో కిటికీల దగ్గర నిలబడ్డవాళ్లు కూడా ఆ ఎరుపు కోసమే చూస్తుంటారు.

రెక్కలు ముడిచినప్పుడు వేడి ఎక్కడికి పోవాలి? ట్యాంకులోని నీళ్లలోకి. 12 టన్నుల నీటిని 20 డిగ్రీల నుంచి 80 డిగ్రీల దాకా వేడిచేయడానికి 1 మెగావాట్‌కు 50 నిమిషాలు పడుతుంది. 2 టన్నులే మిగిలి ఉంటే 8 నిమిషాలు. కదలడానికి వాడే నీళ్లూ, వేడిని దాచుకునే నీళ్లూ ఒకటే. ఎంత ఎగిరితే అంత తొందరగా ఉడికిపోతాం. ఈ లెక్క కుదిరిన రోజు నాకు చాలా సంతోషమనిపించింది, ఎందుకంటే తోడు పని పూర్తిగా తేటపడింది. ఆమె ముందున్న తెర మీద రెండే పెద్ద అంకెలు, నీళ్లు, వేడి. ఒకటి పడుతుంటే ఒకటి ఎక్కుతుంటుంది.

ఆరో మెట్టు: చేతులు, గొంతు

అంతరిక్షంలో ఓడకు రెండు రకాల కదలికలుంటాయి. జరగడం, తిరగడం. అపోలో చంద్రనౌకలో ఎడమచేతి పిడి జరపడానికి, కుడిచేతి పిడి తిప్పడానికి. మీరూ అలాగే పెట్టండి, చేతులు ఎక్కడున్నాయో గీస్తే పాఠకుడికి ఓడ ఏం చేస్తోందో అర్థమవుతుంది.

స్విచ్‌ల విషయంలో జెమిని-8ను గుర్తుంచుకోండి. 1966 మార్చిలో ఓడను తిప్పే చిన్న ఇంజిన్, అంటే థ్రస్టర్, ఒకటి మండుతూనే ఉండిపోయింది. తప్పు తాము కలుపుకున్న ఎజీనా ఓడదని అనుకుని దాన్ని విడదీశారు. బరువు తగ్గడంతో తిరగడం ఇంకా పెరిగి సెకనుకు ఒక చుట్టు దాకా వెళ్లింది. భూమికి దిగేటప్పుడు వాడాల్సిన వేరే థ్రస్టర్లతో ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని ఆపాడు. అందుకే పాలపిట్టలో ప్రతి థ్రస్టర్‌కూ విడి స్విచ్ ఉంటుంది. అవన్నీ ఇద్దరి మధ్య ప్యానెల్ మీద, ఎవరి చేయైనా అందేలా, చూడకుండా తడిమి గుర్తుపట్టేలా వేర్వేరు ఆకారాల్లో ఉంటాయి.

తర్వాత మాటలు. నాగలికి కట్టిన ఎద్దుల్లో ఎడమవైపుది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు. పైలట్ దాపల కూర్చుంటాడు, తోడు వలపల. దిక్కులకూ ఆ మాటలే వాడాను. ఇంజిన్ వైపు "అడుగు", ముందు వైపు "ముక్కు". పది పదిహేను మాటల పట్టిక చాలు. ఒక్కో మాట బరువు కింద, ఊపిరి అందనప్పుడు కూడా పలకగలగాలి. పిలుపు కూడా తేల్చుకోండి. నా కథలో తోడు పెద్దది, పైలట్ కుర్రాడు.

"అక్కా, ఇంకో మలుపుందా?"

"నీళ్లు మూడు. వేడి డెబ్బై. ఒక్కటే ఉంది, దాపలకి."

"వాడు అడుగు వైపున్నాడు."

"తెలుసు. వదిలెయ్, ఇంటికి పోదాం."

రెక్కలు విప్పే మీట తోడు దగ్గర పెట్టాను. పోరు ముగిసిందని చెప్పే హక్కు ఆమెది.

ఏడో మెట్టు: గాలి, సూట్లు, బయటపడే దారి

గాలి పెద్ద బరువు కాదు. ఒక మనిషికి రోజుకు 0.84 కిలోల ఆక్సిజన్ చాలు. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే డబ్బాలే ముఖ్యం. 1970లో అపోలో-13లో ఒక ఓడ డబ్బాలు చతురస్రం, ఇంకో ఓడవి గుండ్రం. టేపు, సంచులు, అట్టలతో అతికించుకుని బతకాల్సి వచ్చింది. మీ ఇద్దరి సూట్ల గొట్టాలు, డబ్బాలు ఒకటే కొలతలో గీయండి. పోరు ముందు క్యాబిన్ గాలిని విడి గాలి ట్యాంకులోకి లాగేసి సూట్ల మీదే ఉండనివ్వండి, చిల్లు పడినా గాలి దూసుకుపోదు. అప్పుడు చేతులకు ఉబ్బిన గ్లౌజులు ఉంటాయి కాబట్టి స్విచ్‌లు పెద్దవి కావాలి.

ఎజెక్షన్ సీటు వద్దు. ఒక్కొక్కరినీ శని వలయాల్లోకి విసిరేస్తే దొరకరు. ఎఫ్-111 విమానంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరితో సహా కాక్‌పిట్ మొత్తం ఊడి, ప్యారాచూట్ మీద దిగేది. పాలపిట్టలోనూ క్యాబిన్ అలాగే విడిపోతుంది. విడిపోయే చోట గీత స్పష్టంగా గీయండి. కిటికీలు చిన్నవే, చంద్రనౌకలోలా మొహానికి దగ్గరగా ఉంటాయి.

ఎనిమిదో మెట్టు: ఆయుధాలు

తొందరగా తేల్చేయవచ్చు. సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో తగిలే ఏ వస్తువైనా తన బరువంత టీఎన్‌టీతో సమానం. కాబట్టి పేలుడు పదార్థం అక్కర్లేదు, ఎదురుగా గుళికలు చల్లినా చాలు. తుపాకీ పెడితే వెనక్కి తన్నే బలాన్ని లెక్కలో వేయండి. సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూత్-3 మీద తుపాకీ ఉండేది. అది బిగించి ఉండటంతో గురిపెట్టాలంటే స్టేషన్ మొత్తాన్నీ తిప్పాలి. పాలపిట్ట తుపాకీ కూడా ముక్కుకు బిగించినదే. గురి పైలట్‌ది, అనుమతి తోడుది.

తొమ్మిదో మెట్టు: ఇంట్లో పరీక్ష

రెండు ప్లాస్టిక్ కుర్చీలను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. మీరు ఒకదాంట్లో, స్నేహితులు ఒకదాంట్లో, కాళ్లు పైకి పెట్టి పడుకోండి. పైన ఒక అట్టను తాళ్లతో వేలాడదీసి, దాని మీద బొట్టుబిళ్లలు స్విచ్‌లుగా అతికించండి. రంగుకో పని. బైక్ గ్లౌజులు వేసుకుని, లైట్లు తీసేసి, ఒకరు స్విచ్ పేరు చెబితే ఇంకొకరు తడిమి పట్టుకోవాలి. ఏ బిళ్లకు చేయి అందలేదో, ఏ రెండు మాటలు ఒకేలా వినిపించాయో రాసుకోండి. నా మొదటి పట్టికలో "పైకి", "పక్కకి" రెండూ ఉండేవి, చీకట్లో రెండుసార్లు తప్పు స్విచ్ పడింది. రెండూ తీసేశాను.

విశాఖ వెళ్లే వీలుంటే ఆర్‌కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూడండి, 2002 నుంచి ఉంది. దాని ఎదురుగానే 2017లో తెరిచిన టీయూ-142 విమానం. మనుషులు, గొట్టాలు, వాల్వులు ఒకే ఇరుకులో ఎలా సర్దుకుంటారో ఫొటోల కన్నా అక్కడ బాగా తెలుస్తుంది. పుస్తకం తీసుకెళ్లి చక్రాలు, మీటలు, పట్టుకునే కడ్డీలు గీసుకోండి.

పదో మెట్టు: గీయడం

1:50 కొలత పెట్టుకోండి. 170 సెంటీమీటర్ల మనిషి 3.4 సెంటీమీటర్లు అవుతాడు. 18 మీటర్ల పాలపిట్ట 36 సెంటీమీటర్లు, ఎ3 కాగితంలో సరిపోతుంది. ముందు ఇద్దరు మనుషులను గీయండి. తర్వాత వాళ్ల చేతులు అందే వలయం, ప్యానెల్, క్యాబిన్ గోడ. దాని వెనక ట్యాంకు, కవచం పలక, రియాక్టర్, ఇంజిన్. కవచం నుంచి నీడ గీతలు తేలిగ్గా గీసి, రెక్కలు ఆ గీతలు దాటకుండా చూడండి. థ్రస్టర్లను కేంద్రానికి వీలైనంత దూరంగా, రెండు కొసల్లో పెట్టండి. అప్పుడు తక్కువ నీళ్లతో ఎక్కువ తిరగవచ్చు. రెక్కలు ముడిచి ఒక బొమ్మ, విప్పి ఒక బొమ్మ.

రంగు గోధుమ, బూడిద. రెక్క లోపలి ముఖం మాత్రం నల్లగా ఉండాలి, నలుపు వేడిని బాగా వదులుతుంది.

బొమ్మ అయ్యాక దాన్ని కథలు రాసే స్నేహితులకు ఇవ్వండి. మీరేమీ వివరించకుండా, ఇద్దరూ ఇంటికి తిరిగొచ్చే ఒక పేజీ దృశ్యం రాయమనండి. వాళ్ల పేజీలో తోడు ఎన్నిసార్లు మాట్లాడిందో లెక్కపెట్టండి. ఆమె మాటల్లో ఏది తీసేసినా ఓడ దారి మారకపోతే ప్యానెల్ దగ్గరికి మళ్లీ వెళ్లి, ఆమె చేతిలో ఇంకో మీట పెట్టి చూడండి.